ట్రింకోమలీ నమూనాకు తాళ్లు కట్టేముందు

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. అమలాపురంలో ఉంటూ, హెచ్‌ఎంఎస్ ట్రింకోమలీ అనే పాతకాలపు తెరచాపల యుద్ధనౌక నమూనాను 1:64 స్కేలులో, కిట్ లేకుండా, ప్లాన్లు చూసి సొంతంగా కడుతున్నారు. హల్, అంటే ఓడ ఒళ్లు, అయిపోయింది, స్తంభాలు చెక్కేశారు, తాళ్ల దగ్గరకొచ్చి ఆగిపోయారు. కుట్టు మెషిన్ దారం కట్టి చూస్తే నూగు కనిపిస్తోంది. ఇవాళ బిగించిన తాడు కొన్నాళ్లకే జారిపోతోంది. ఇన్ని తాళ్లలో దేనితో మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు. తెరచాపలు పెట్టాలా వద్దా అనీ, చివరికి అద్దాల పెట్టె ఎలా ఉండాలనీ అడిగారు. వీటితో పాటు, "ఇంగ్లీషు వాళ్ల యుద్ధనౌక మనకెందుకురా" అని మీ నాన్నగారు అన్నారని కూడా రాశారు. ఆయన మాటకూ జవాబు చెబుతాను.

చేయి వణికిందనో, చూపు ఆనలేదనో రిగ్గింగ్, అంటే తాళ్ల పని, చెడిపోవడం తక్కువ. నేను చూసిన నమూనాల్లో చాలావరకు చెడింది దారం ఎంపిక దగ్గర, లేకపోతే కట్టే వరస దగ్గర. ఈ రెండూ స్తంభం నిలబెట్టకముందే తేలిపోవాల్సిన విషయాలు. కాబట్టి ఓ నెల పాటు ఓడ మీద చేయి వేయకండి. బల్ల మీద పని చాలా ఉంది.

దారం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇతర దేశాల వాళ్లు రాసిన సలహాలు మన డెల్టా గాలికి అన్నీ సరిపోవు. నూలు, నార లాంటి సహజమైన పోగులు తేమ పీలిస్తే లావెక్కుతాయి, పురి బిగుసుకుంటుంది, దాంతో తాడు పొట్టిదవుతుంది. గాలి పొడిబారితే మళ్లీ సాగుతుంది. అంటే వానాకాలంలో వీణ తీగలా బిగించి కట్టిన నూలు తాడు ఎండలు ముదిరేసరికి జారుతుంది. ఎండల్లో కట్టింది జులైలో బిగుసుకుని సన్నటి పై స్తంభాలను వంచేస్తుంది. మీ తాళ్లు జారడానికి ముడుల్లో లోపం కాకుండా ఇదే కారణమై ఉండొచ్చు. తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. మీరు వాడుతున్న దారం మీటరు ముక్క తీసుకుని కిటికీ పక్కన మేకుకు వేలాడదీసి, కింద చిన్న నట్టు కట్టండి. నట్టు అంచు ఎక్కడికి వచ్చిందో గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. ముసురు పట్టిన రోజు ఒకసారి, బాగా ఎండ కాసిన రోజు మధ్యాహ్నం ఒకసారి చూడండి. పక్కనే పాలియెస్టర్ దారం ముక్క కూడా వేలాడదీస్తే తేడా మీకే తెలుస్తుంది. నైలాన్ జోలికి మాత్రం వెళ్లకండి. అది తేమతో పని లేకుండానే సాగుతుంది.

నా అభిప్రాయం అడిగితే, స్తంభాలను నిలబెట్టే తాళ్లకు, అంటే ష్రౌడ్లకు, స్టేలకు, బ్యాక్‌స్టేలకు మెరుపు లేని పాలియెస్టర్ వాడండి. తెరచాపలనూ, అవి కట్టే అడ్డ కర్రలైన యార్డులనూ లాగే తాళ్లకు నూలు బాగుంటుంది. అవి కొంచెం వదులుగా ఉన్నా చూడటానికి సహజంగానే ఉంటాయి, నిజం ఓడ మీదా అంతే. నూలు కోసం ఆన్‌లైన్‌లో విదేశీ దారం వెతుక్కోనక్కర్లేదు. నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లేవాళ్లు వాడే మెర్సరైజ్డ్ నూలు మామూలు దారం కన్నా ఎంతో నున్నగా ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. నూగు ఇంకా కనిపిస్తే కొవ్వొత్తి మంటకు కాస్త పైగా గబుక్కున ఒక్కసారి లాగి, తర్వాత తేనె మైనం ముక్క మీద రుద్దండి. మంట పని నూలుకే. పాలియెస్టర్ కరిగిపోతుంది.

దుకాణంలో దొరికిన దారాన్ని దొరికినట్టే కట్టొద్దు. లావు తాళ్లను మీరే పేనుకోండి. ఒక చెక్కకు మూడు కొక్కేలు బిగించి, మూడూ ఒకేసారి ఒకేవైపు తిరిగేలా మధ్యలో పెద్ద గేరు పెట్టాలి. ఎదురుగా చిన్న బండి మీద ఒకే కొక్కెం ఉండాలి. తాడు కుదించుకుంటున్నకొద్దీ ఆ బండి ముందుకు జరగాలి. మధ్యలో మూడు గాళ్లు చెక్కిన శంకువు ఆకారపు చెక్క ముక్క ఒకటి. మూడు పోగులకూ పురి ఎక్కించి, ఎదుటి కొక్కేన్ని వ్యతిరేకంగా తిప్పుతూ ఆ శంకువును మెల్లగా జరుపుకుంటూ వస్తే వెనకాల తాడు తయారవుతూ ఉంటుంది. ఇదంతా యూట్యూబ్‌లో చూసి అర్థం చేసుకోవడం కన్నా, మీ కోనసీమలోనే కొబ్బరి పీచు తాళ్లు పేనే చోటికి ఒక పూట వెళ్లి రావడం మేలు. రాట్నం తిప్పేవాళ్లు ఒకరు, పీచు అందిస్తూ వెనక్కి నడిచేవాళ్లు ఒకరు. పురి ఎంత ఎక్కితే చాలో వాళ్ల వేళ్లకు తెలుసు. అక్కడ చూసింది ఇంటికొచ్చి సన్న దారంతో చేయడమే. పోగు పొడవులో పావు వంతుకు తక్కువ కాకుండా పురిలో పోతుందని లెక్క వేసుకుని దారం కోసుకోండి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. తాడును నిలువుగా పట్టుకుని చూడండి. పోగులు ఎడమ కింది నుంచి కుడి పైకి ఎక్కుతుంటే అది కుడి పురి. మెషిన్ దారాలు ఎక్కువగా ఇలాంటివే. అలాంటి దారాన్ని దాని పురి ఊడిపోకుండా ఇంకా బిగించి పేనితే వచ్చే తాడు ఎడమ పురిది అవుతుంది. ఆ కాలపు యుద్ధనౌకల మీద మామూలు తాళ్లు ఎక్కువగా కుడి పురివి, లంగరు మోకుల లాంటివి ఎడమ పురివి. కుడి పురి తాడు కావాలంటే ఎడమ పురి దారంతో మొదలుపెట్టాలి. దుకాణంలోనే దారం చివర వేళ్ల మధ్య తిప్పి చూసి కొనండి. ఎటు తిప్పితే విచ్చుకుంటోందో చూస్తే తెలిసిపోతుంది. దొరక్కపోతే ఎడమ పురి తాడే కట్టండి, ప్రాణం మీదికి రాదు. కానీ ఒకే ఓడ మీద ఒక ష్రౌడ్ ఒక పురి, పక్కది ఇంకో పురి అయితే మాత్రం కంటికి కొడుతుంది.

లావు విషయంలో ఒక పొరపాటు అందరికీ ఎదురవుతుంది. పాత పట్టికల్లో, ఉదాహరణకు 1794లో వచ్చిన డేవిడ్ స్టీల్ పట్టికల్లో, తాడు కొలత అంటే చుట్టుకొలత. వ్యాసం కాదు. 10 అంగుళాల తాడు అని ఉంటే దాని వ్యాసం 3.18 అంగుళాలు, అంటే దాదాపు 81 మి.మీ. దాన్ని 64తో భాగిస్తే 1.26 మి.మీ. చుట్టుకొలత అని తెలియక 10 అంగుళాలనే వ్యాసంగా తీసుకుంటే 4 మి.మీ. తాడు కట్టాల్సి వస్తుంది, నమూనా కాస్తా మోకుల గుట్ట అవుతుంది. మీరు పేనిన తాడు లావు కొలవడానికి క్యాలిపర్ వద్దు, అది దారాన్ని నొక్కేస్తుంది. పెన్సిల్ చుట్టూ పక్కపక్కనే చుట్టి, 10 మి.మీ. మేరలో ఎన్ని చుట్లు పట్టాయో లెక్కపెట్టండి. ఎనిమిది పడితే 1.25 మి.మీ. అన్నమాట.

రంగు: స్తంభాలు నిలబెట్టే తాళ్లకు తారు పూసేవాళ్లు కాబట్టి అవి ముదురు గోధుమ, దాదాపు నలుపు. కానీ బూట్ల లేసులా మెరిసే నలుపు వద్దు. లాగే తాళ్లు లేత గోధుమ. అంతే, ఇందులో ఎక్కువ ఆలోచించేది లేదు.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. ట్రింకోమలీ పుట్టింది బొంబాయి డాక్‌యార్డులో. పార్సీ ఓడ మేస్త్రీ జమ్‌షెడ్‌జీ బొమన్‌జీ వాడియా ఆధ్వర్యంలో మలబారు టేకుతో కట్టారు. 1817 అక్టోబరు 12న నీళ్లలోకి దింపారు. లెడా తరగతి ఫ్రిగేట్, అంటే మధ్యరకం యుద్ధనౌక ఇది. ఆ తరగతి గీతలకు మూలం 1782లో ఇంగ్లీషు వాళ్లు పట్టుకున్న ఎబే అనే ఫ్రెంచి ఓడ. బొంబాయికి ప్లాన్లు తీసుకొస్తున్న జావా అనే ఫ్రిగేట్ 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికన్ నౌక కాన్‌స్టిట్యూషన్ చేతిలో నాశనమైంది. దాంతో ప్లాన్లు మళ్లీ పంపాల్సి వచ్చింది. ఫ్రెంచి గీతలు, ఇంగ్లీషు జెండా, మన కలప, మన మేస్త్రీ. ఆ టేకు చలవ వల్లే ఇవాళ్టికీ ఆ ఓడ ఇంగ్లండ్‌లోని హార్ట్‌ల్‌పూల్‌లో నీటి మీదే ఉంది. మన తీరంతోనే సంబంధం ఉన్నది కావాలని ఆయన పట్టుబడితే, తర్వాతి నమూనాకు సెంచూరియన్ గురించి ఆలోచించండి. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం ముందు ఆ 50 ఫిరంగుల ఓడ, అడ్మిరల్ లిన్వా నడిపిన 74 ఫిరంగుల మరెంగోతోనూ వెంట వచ్చిన ఫ్రిగేట్లతోనూ తలపడింది.

ఈ చరిత్ర మీ తాళ్లకూ పనికొస్తుంది. ట్రింకోమలీని 1840లలో మార్చి, 1847కల్లా 26 ఫిరంగుల కార్వెట్‌గా, అంటే ఫ్రిగేట్ కన్నా చిన్న తరగతి యుద్ధనౌకగా, సిద్ధం చేశారు. చదునుగా ఉన్న వెనక భాగాన్ని గుండ్రంగా చేశారు. హార్ట్‌ల్‌పూల్‌లో 2001లో ముగిసిన పునరుద్ధరణ తర్వాతి ఫొటోలే మీకు ఎక్కడ చూసినా దొరుకుతాయి. మీ ప్లాన్ 1817 నాటిదైతే, గన్‌డెక్ మీద, అంటే ఫిరంగులుండే అంతస్తులో, పద్దెనిమిది పౌండ్ల గుండు వేసే ఫిరంగులు 28 ఉన్న ఓడైతే, ఆ ఫొటోలు చూసి తాళ్లు కట్టకండి. ఫొటోలోది ఒక కాలం, ప్లానులోది ఇంకో కాలం. ఏ ఏడాది ఓడ కడుతున్నారో కాగితం మీద రాసి బల్ల ముందు అంటించుకోండి.

ఇక వరస. నిజం ఓడ మీద ఏ తాడు ఎందుకుందో తెలిస్తే వరస దానంతట అదే వస్తుంది. స్తంభాన్ని ముందుకు లాగేది స్టే. పక్కలకూ కాస్త వెనక్కీ లాగేవి ష్రౌడ్లు. ఈ రెండు లాగుళ్లు సరితూగితే స్తంభం నిలబడుతుంది. కాబట్టి స్తంభాలను జిగురుతో అతికించకండి. గుంటలో సరిగ్గా కూర్చుంటే చాలు, తాళ్లే నిలబెడతాయి. రేపు ఏదైనా సరిచేయాల్సి వచ్చినా సులువు.

అన్నిటికన్నా ముందు బౌస్ప్రిట్‌ను, అంటే ముందుకు పొడుచుకొచ్చే కర్రను, ఓడ ముక్కుకు చుట్టి కట్టే కట్టు పూర్తి చేయాలి, ఎందుకంటే ముందు స్తంభం లాగుడంతా చివరికి దాని మీదే పడుతుంది. తర్వాత కింది స్తంభాలు. ష్రౌడ్లు జంటలుగా వస్తాయి. ఒకే తాడు మధ్యలో మడిచి, స్తంభం తల చుట్టూ వేసి, రెండు కాళ్లూ ఒకే పక్కకు దించుతారు. మొదటి జంట కుడి పక్క ముందు, రెండోది ఎడమ పక్క ముందు, ఇలా మార్చి మార్చి వేసుకుంటూ వెనక్కి రావాలి. ఒక పక్క మొత్తం కట్టేసి రెండో పక్కకు వెళితే స్తంభం వంగుతుంది, తల దగ్గర ఉచ్చుల దొంతర కూడా ఒక పక్కకు ఒరుగుతుంది. ష్రౌడ్లన్నీ అయ్యాక వాటి పైన స్టే మెడ కూర్చుంటుంది. ముందే స్టే వేసేస్తే మళ్లీ విప్పాల్సిందే.

ష్రౌడ్ కింద డెడ్ఐలు ఉంటాయి, అంటే మూడు కన్నాల గుండ్రటి చెక్క బిళ్లలు. పై దాని ఒంటి కన్నం పైకి, కింది దాని ఒంటి కన్నం కిందికి ఉండాలి. రెండేసి కన్నాలు ఎదురెదురుగా వస్తాయి. పై బిళ్లకూ కింది బిళ్లకూ మధ్య ఎడం అన్నిచోట్లా ఒకేలా రావడానికి ఇత్తడి తీగను యు ఆకారంలో వంచి, రెండు కొనలను పై కన్నంలోనూ కింది కన్నంలోనూ దూర్చి పట్టుకుని ష్రౌడ్ ముడి వేయండి. కళ్లతో అంచనా వేస్తే వరస మెట్లలా వస్తుంది. రెండు బిళ్లలనూ కలిపే సన్న తాళ్లను వెంటనే బిగించకండి. అన్ని పక్కలా వదులుగా ఉంచి, స్తంభం ముందు నుంచీ పక్క నుంచీ తిన్నగా ఉందో లేదో గుండు దారంతో చూసి, అప్పుడు ఒక్కొక్కటే కొంచెం కొంచెం బిగిస్తూ రండి. డెడ్ఐలు మీరే తయారుచేస్తానంటే ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర చక్కగా పనికొస్తుంది. గట్టిది, పోగు సన్నది, చిన్న డ్రిల్ వేసినా అంచు చిట్లదు. కొండపల్లి బొమ్మల పొణికి కర్ర దీనికి మెత్తన.

యార్డులకు కట్టాల్సిన బ్లాకులు, అంటే చిన్న గిలకలు, యార్డు బల్ల మీద ఉన్నప్పుడే అన్నీ కట్టేయండి. స్తంభాల తల దగ్గర వేలాడేవి కూడా అంతే. ఓడ మీద నిలబెట్టిన తర్వాత ఒక్క గిలక మర్చిపోయామని తెలిస్తే దాన్ని కట్టడానికి పట్టే తంటా అంతా ఇంతా కాదు. చిన్న యార్డులకు చీపురు ఈనెలు వాడమని కొందరు చెబుతారు. వద్దు. అవి ఎండి విరుగుతాయి, తేమకు వంకర తిరుగుతాయి. తిన్నటి పోగున్న టేకు పుల్లను ముందు నలుపలకగా, తర్వాత ఎనిమిది పలకలుగా చెక్కి గుండ్రం చేయండి. డెక్ మీద చెక్క మేకుల్లాంటివి కావాలంటే వెదురు పుల్లను బంగారం పని చేసేవాళ్ల కమ్మచ్చులో ఒక్కో కన్నం తగ్గిస్తూ లాగితే వెంట్రుకంత సన్నగా వస్తుంది. వాళ్ల దగ్గరే మంచి శ్రావణం కూడా ఒకటి కొనుక్కోండి, ఆన్‌లైన్ ట్వీజర్ల కన్నా ఎంతో నయం.

ష్రౌడ్ల మీద అడ్డంగా కట్టే మెట్ల తాళ్లు, ర్యాట్‌లైన్లు, ఓపిక పరీక్షించేవి ఇవే. అసలు ఓడ మీద మెట్టుకూ మెట్టుకూ 13 నుంచి 15 అంగుళాలు ఉండేది. మీ స్కేలులో 5 నుంచి 6 మి.మీ. వస్తుంది. అట్ట మీద అడ్డ గీతలు గీసి ష్రౌడ్ల వెనక నిలబెట్టండి. గీతలు డెక్‌కు కాకుండా నీటి మట్టానికి సమాంతరంగా ఉండాలి. దారం 0.2 మి.మీ.కి దగ్గరగా ఉండేది చాలు. ప్రతి ష్రౌడ్ దగ్గరా క్లోవ్ హిచ్ ముడి వేస్తూ పోవాలి. ఇక్కడ అందరికీ వచ్చే జబ్బు, ముడి ముడికీ దారాన్ని లాగడం. ఒక్కో ముడిలో వెంట్రుక వాసి లాగినా పైకి వెళ్లేసరికి ష్రౌడ్ల వరస నడుం సన్నబడుతుంది. అందుకని మధ్యలో ఒక్కో వరస వదిలేస్తూ పైదాకా కట్టి, ష్రౌడ్లు తిన్నగా ఉన్నాయని చూసుకుని, తర్వాత వదిలిన వరసలు నింపండి. ఒకే కూర్చుంటలో ఒక పక్క మొత్తం అయిపోవాలని పట్టు పట్టకండి. కళ్లు అలిసిపోయాక వేసిన ముడి మరునాడు విప్పడం ఖాయం.

ముడుల మీద ఫెవిక్విక్ పోయకండి. దారం పుల్లలా బిరుసెక్కుతుంది, మన తేమలో చుట్టూ తెల్లటి పొగ మచ్చ కూడా పడుతుంది. నూలుకు ఎక్కువ పోస్తే వేడెక్కి పొగ రావడమూ ఉంది. నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను ఇన్సులిన్ సిరంజితో చుక్క పెడితే సరి. ఎండితే కనిపించదు, తడి చేస్తే మెత్తబడుతుంది కాబట్టి విప్పుకోవచ్చు కూడా. దీనికి నీళ్లు తట్టుకునే రకం ఫెవికాల్ తీసుకోకండి, మామూలుదే కావాలి.

కింది స్తంభాలు, వాటి పైన టాప్‌మాస్టులు, ఆ పైన మూడో దొంతర, ఇలా కింది నుంచి పైకి వెళ్లాలి. అప్పుడు యార్డులు ఎక్కించాలి. యార్డులను పక్కలకు తిప్పే బ్రేసులు అన్నిటికన్నా చివర. అవి డెక్ మీదంతా అడ్డంగా పరుచుకుంటాయి కాబట్టి ముందే కట్టారంటే చేయి లోపలికి పెట్టడానికి సందుండదు. ఏ తాడు ఏ బెలేయింగ్ పిన్‌కు, అంటే తాడు చివర చుట్టి కట్టే మేకుకు, పోతుందో ముందే పటం గీసుకోండి. ఓడ మధ్య నుంచి బయటి వైపుకు పని జరగాలన్నది గుర్తుంటే చాలా మటుకు తప్పులు తప్పుతాయి. పిన్నుల దగ్గర వేలాడే తాడు చుట్టలను అక్కడికక్కడ చుట్టకండి. బల్ల మీద రెండు గుండుసూదులకు చుట్టి, పలచటి ఫెవికాల్‌తో తడిపి, కింది భాగం కాస్త వేలాడేలా వేళ్లతో వంచి, ఎండాక తగిలించండి.

తెరచాపల విషయం తేల్చేస్తాను: వద్దు. ఏ బట్ట తెచ్చినా 1:64లో దుప్పటంత మందంగా కనిపిస్తుంది. పైగా ఇంత కష్టపడి కట్టిన తాళ్లన్నిటినీ అది కప్పేస్తుంది. మరీ మనసుంటే టిష్యూ కాగితంతో చుట్టి యార్డుకు కట్టినట్టు చేయండి. తెరచాపలు లేకపోతే వాటిని లాగే తాళ్లలో కొన్ని వాటంతటవే తగ్గుతాయి. ఏవి ఉంచాలో ప్లాన్ చూసి నిర్ణయించుకోండి.

పెట్టె గురించి. గన్‌డెక్ పొడవు 150 అడుగులు కాబట్టి మీ నమూనాలో అదే 71 సెం.మీ. వస్తుంది. ముందు బౌస్ప్రిట్, వెనక్కి చాచుకునే బూమ్ కర్ర కలిపితే మొత్తం మీటరు దాటుతుంది, ఎత్తు ముప్పావు మీటరు పైమాటే. గది కొలతలు ఇప్పుడే చూసుకోండి. అద్దాల షాపు వాళ్లు మూలలకు సిలికాన్ పెడతారు. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకమైతే అది ఎసిటిక్ ఆమ్లం వదులుతోందని అర్థం. ప్లైవుడ్, ఎండీఎఫ్ కూడా కొంత వదులుతాయి. మీ ఫిరంగులు సీసంతో పోసినవైతే మూసిన పెట్టెలో ఆ ఆవిరి, మన తేమ కలిసి వాటి మీద తెల్లటి పొడి పుట్టిస్తాయి. ఒకసారి మొదలైతే ఆపడం కష్టం, ఫిరంగులు పొడి రాలి పాడవుతాయి. అందుకని వాసన లేని న్యూట్రల్ సిలికాన్ అడగండి. పెట్టెను ఖాళీగా కొన్ని వారాలు తెరిచి ఉంచండి. వెనక పక్క సన్నటి జాలీ బిగించిన రెండు గాలి రంధ్రాలు పెట్టించండి. చెదలు కోసం పెట్టె కాళ్లు గోడకు ఆనకుండా చూడండి. ఫిరంగులు ఇంకా కొనకపోతే ఇత్తడివి గానీ రెసిన్‌వి గానీ తీసుకోండి, ఈ గొడవే ఉండదు.

మీ దారం పరీక్ష అయ్యాక గోడ మీద గీతలు ఎంత జరిగాయో, ఏ దారమో రాసి ఫొటో పెట్టండి. బౌస్ప్రిట్ కట్టు ఫొటో కూడా దగ్గర నుంచి తీసి పెట్టండి. ముందు స్తంభం ష్రౌడ్లకు వెళ్లేముందు ఒకసారి చూసి చెబుతాను.